కోడికి పట్టే ఫ్లూ మనిషికి అంత తేలిగ్గా ఎందుకు పట్టదు: కణం మీది చక్కెర సంగతి

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు చెప్తాను. మీది గోదావరి జిల్లాలో కోళ్లఫారం. 2025 ఫిబ్రవరిలో బర్డ్‌ఫ్లూ వచ్చినప్పుడు మీ చుట్టుపక్కల షెడ్లలో కోళ్లు కుప్పలుగా చచ్చిపోయాయి. వాటిని ఎత్తి గోతుల్లో వేసిన మీ కుర్రాళ్లకి మాత్రం జలుబు కూడా రాలేదు. ఎందుకని అడిగితే డిగ్రీ చదివే మీ అబ్బాయి, "వైరస్ కణం మీద ఉండే చక్కెరని పట్టుకుని లోపలికి వెళ్తుంది నాన్నా, కోడి చక్కెర వేరు, మన చక్కెర వేరు" అన్నాడు. మీకేమో చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. ఒంట్లో చక్కెర ఎక్కువున్న మనిషికి వైరస్ ఇంకా తొందరగా అంటుకుంటుందేమోనని మీ టెన్షన్.

మీ అబ్బాయి చెప్పింది నిజం. మీరు భయపడుతున్న చక్కెర మాత్రం అది కాదు. నేను పశువైద్యుడిని. కోళ్ల రోగాలు నిర్ధారించే ల్యాబ్‌లో ఇరవై ఏళ్లకు పైగా ఈ పనే చేశాను కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

మన శరీరంలో ప్రతి కణం పైన సన్నటి చక్కెర గొలుసులు దట్టంగా మొలిచి ఉంటాయి. పంట చేలో వరి కంకులు గాలికి ఊగుతుంటాయి చూడండి, దాదాపు అలా. ఒక్కో గొలుసులో నాలుగైదు రకాల చక్కెరలు వరసగా అతుక్కుని ఉంటాయి. చాలా గొలుసులకి చిట్టచివరి గింజగా ఉండేది సియాలిక్ ఆమ్లం. పేరులో ఆమ్లం ఉన్నా ఇదీ చక్కెర కుటుంబానిదే. కాకపోతే గ్లూకోజ్‌లో ఆరు కార్బన్లు ఉంటే ఇందులో తొమ్మిది ఉంటాయి, పైగా రుణావేశం (నెగటివ్ చార్జ్) ఉంటుంది. స్వీడన్‌లో గున్నర్ బ్లిక్స్ అనే శాస్త్రవేత్త 1936లో దీన్ని ఆవు లాలాజల గ్రంథుల జిగురులోంచి తీశాడు. గ్రీకులో లాలాజలాన్ని సియలోన్ అంటారు, పేరు అందులోంచి వచ్చింది. ఉమ్ములో, చీమిడిలో, గొంతులో ఉండే జిగురంతా ఈ చక్కెరతో నిండి ఉంటుంది. ఈ జిగురుతో తర్వాత పని ఉంది, గుర్తుపెట్టుకోండి.

మీ రక్తపరీక్షలో కనిపించే చక్కెర గ్లూకోజ్. అది రక్తంలో కరిగి తిరుగుతుంటుంది. ఫ్లూ వైరస్‌కి దాన్ని పట్టుకునే ఏర్పాటు లేదు. సియాలిక్ ఆమ్లాన్ని కణాలు తమంతట తాము తయారుచేసుకుంటాయి. మీరు పూతరేకులు తిన్నా, పూర్తిగా తీపి మానేసినా గొంతులోని కణాల మీద ఆ గింజ ఉండనే ఉంటుంది. తీపి మానితే షుగర్ అదుపులో ఉంటుంది, ఆ సంగతి చివర్లో చెప్తాను. వైరస్‌కి తలుపు మాత్రం మూసుకోదు.

ఈ పట్టుకోవడాన్ని మొట్టమొదట కనిపెట్టింది కోడి రక్తంలోనే. 1941లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ప్రయోగశాలల్లో జార్జ్ హర్స్ట్ అనే డాక్టర్ కోడిగుడ్లలో ఫ్లూ వైరస్ పెంచుతున్నాడు. గుడ్డులోంచి ద్రవం తీస్తుంటే పిండం రక్తనాళం తెగి నెత్తురు అందులో కలిసింది. ఎర్ర కణాలు విడివిడిగా ఉండకుండా గుంపులు గుంపులుగా అతుక్కుపోయాయి. వైరస్ లేని గుడ్డులో అలా జరగలేదు. వైరస్ ఒక చేత్తో ఒక కణాన్ని, ఇంకో చేత్తో ఇంకో కణాన్ని పట్టుకుని వల అల్లేసింది. ఆ గమనికే ఈనాటికీ మా ల్యాబుల్లో రోజూ చేసే హెచ్‌ఏ (హీమాగ్లుటినేషన్, అంటే ఎర్ర కణాలు గుంపు కట్టడం) పరీక్ష అయింది. కొక్కెర తెగులుకి టీకా వేయించాక మీ కోళ్ల రక్తం ల్యాబ్‌కి పంపిస్తారు కదా, యాంటీబాడీలు ఎంతున్నాయో చూడమని. అక్కడ చేసేదీ దీని మీద ఆధారపడిన పరీక్షే. కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్ వైరస్, ఫ్లూ కుటుంబానిది కాదు. అయినా అదీ ఈ సియాలిక్ ఆమ్లాన్నే పట్టుకుంటుంది.

పరీక్ష ఎలా ఉంటుందో చెప్తాను, ఒక్కసారి చూస్తే విషయం మొత్తం అర్థమవుతుంది. 96 గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటు తీసుకుంటాం. మొదటి గుంటలో వైరస్ ద్రవం, రెండోదానిలో అందులో సగం, మూడోదానిలో దానిలో సగం, అలా పల్చన చేసుకుంటూ పోతాం. తర్వాత ప్రతి గుంటలో నీళ్ల రంగుకి కాస్త ఎరుపు తిరిగినట్టుండే కోడి ఎర్ర కణాల ద్రవం 50 మైక్రోలీటర్లు పోస్తాం. అరగంట, నలభై నిమిషాలు కదపకుండా ఉంచాలి. వైరస్ లేని గుంటలో కణాలన్నీ అడుగుకి జారి చొక్కా బొత్తాంలా ఎర్రటి చుక్క కడతాయి. ప్లేటు ఏటవాలుగా పట్టుకుంటే ఆ చుక్క కన్నీటి బొట్టులా కిందికి సాగుతుంది. వైరస్ ఉన్న గుంటలో బొత్తాం కట్టదు. కణాలు వల కట్టుకుపోయి గుంటంతా పల్చటి గులాబీ పొరలా పరుచుకుంటాయి. ప్లేటు వంచినా ఏదీ జారదు.

నేను చేరిన కొత్తల్లో ఒక మే నెలలో ఒక ఫారం నుంచి వచ్చిన నమూనాకి ఈ పరీక్ష పెట్టాను. కరెంటు లేదు, గది కుంపటిలా ఉంది. ఇంతలో పోస్ట్‌మార్టంకి కోళ్లు వచ్చాయని పిలిస్తే వెళ్లి, రెండు గంటల తర్వాత వచ్చి ప్లేటు చూశాను. అన్ని గుంటల్లోనూ చక్కటి బొత్తాలు. వైరస్ లేదని రిజిస్టర్‌లో రాసేశాను. మా సీనియర్ గారు చూసి, "ఎన్ని గంటలకి పెట్టావు, ఎన్ని గంటలకి చూశావు?" అని రెండే రెండు మాటలు అడిగారు. మళ్లీ పెట్టించి సరిగ్గా నలభై నిమిషాలకి చూపించారు. ఎనిమిదో గుంట దాకా పొర పరుచుకుని ఉంది. నా మొదటి ప్లేటులోనూ అలాగే పరుచుకుని ఉంటుంది. ఆ వేడికి వైరస్ తాను పట్టుకున్న చక్కెరని తానే కోసుకుని విడిపోయింది, కణాలు మళ్లీ అడుగుకి జారాయి. ఆ రిపోర్టు అలాగే వెళ్లి ఉంటే ఆ రైతు పక్క షెడ్డుకి టీకా వేయించుకునేవాడు కాదు. ఆ రోజు నుంచి టైమర్ లేకుండా నేను ప్లేటు పెట్టలేదు.

హర్స్ట్ కూడా 1942లో ఇదే గమనించాడు. వైరస్ వదిలేసిన కణాలకి మళ్లీ కొత్త వైరస్ కలిపినా అవి అతుక్కోవు. అంటే వైరస్ వెళ్తూ వెళ్తూ పట్టుకొమ్మనే కోసేసి వెళ్లింది. మెల్‌బోర్న్‌లో మాక్‌ఫార్లేన్ బర్నెట్ బృందం కలరా క్రిమి కూడా అలాంటి కత్తెరనే తయారుచేస్తుందని 1940ల్లో చూపించింది. ఆ కత్తెర కోసేది సియాలిక్ ఆమ్లాన్నేనని తర్వాతి పదేళ్లలో తేలింది. దాన్ని న్యూరామినిడేజ్ అంటారు. పట్టుకునే చెయ్యి హీమాగ్లుటినిన్ అనే ప్రోటీన్. హెచ్5ఎన్1 అని పేపర్లో రాస్తారే, అందులో హెచ్ ఆ చెయ్యి, ఎన్ ఈ కత్తెర. పేరులోనే పట్టుకోవడం, వదిలించుకోవడం రెండూ ఉన్నాయి.

పట్టుకునే చెయ్యి చాలా గట్టిదనుకుంటారు చాలామంది. నిజానికి ఒక్కో చేతి పట్టు చాలా బలహీనం, ఇట్టే జారిపోతుంది. మరి వైరస్ ఎలా నిలబడుతుంది? పొలం గట్టు మీద నడిచొస్తే పంచెకి ఉత్తరేణి గింజలు అంటుకుంటాయి కదా. ఒక్క గింజని గోటితో తీసేయొచ్చు. వెన్నుకి వెన్ను అంటుకుంటే గుడ్డ పీకినా రాదు. ఫ్లూ వైరస్ ఒంటి మీద అలాంటి చేతులు 300 నుంచి 400 దాకా, కత్తెరలు 40, 50 దాకా ఉంటాయి. వైరస్ మొత్తం అడ్డం కొలత ఒక వెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతు. చేతులు ఒక్కొక్కటిగా పట్టుకుంటూ, కత్తెరలు ఒక్కొక్కటిగా కోస్తూ వైరస్ చీమిడి జిగురులో మెల్లగా పాకుతూ కణాన్ని చేరుతుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న జిగురు ఇదే. ఆ జిగురు నిండా సియాలిక్ ఆమ్లమే కాబట్టి వైరస్‌కి అది ఉచ్చులాంటిది. కత్తెర లేకపోతే అందులోనే చిక్కుకుని, దగ్గుతోనో చీదితేనో బయటికి పోతుంది. మన ముక్కు కారడం వెనక ఇంత పని ఉంది.

కణం మీద చాలా చేతులు ఒకేసారి పడ్డాక కణం తనంతట తానే వైరస్‌ని చుట్టి చిన్న సంచిలా లోపలికి లాక్కుంటుంది. ఆ సంచి లోపల మెల్లగా పులుపెక్కుతుంది, అంటే ఆమ్లం పెరుగుతుంది. ఆ పులుపు తగలగానే హీమాగ్లుటినిన్ ఆకారం మారిపోయి స్ప్రింగులా విచ్చుకుంటుంది, వైరస్ పొరని సంచి పొరతో కలిపేస్తుంది. వైరస్ జన్యువులు కణంలో పడతాయి. చక్కెర చేసే పని అక్కడితో అయిపోయింది, కానీ తిరిగొచ్చే దారిలో మళ్లీ అడ్డం పడుతుంది. కొత్తగా పుట్టిన వైరస్‌లు బయటికి రాగానే అదే కణం మీది చక్కెరకి అంటుకుపోతాయి. కత్తెర కోస్తేనే అవి పక్క కణానికి పోగలవు. టామిఫ్లూ అనే మందు, అసలు పేరు ఒసెల్టామివిర్, ఈ కత్తెర నోట్లో పుల్ల పెట్టినట్టు ఇరుక్కుని పనిచేయకుండా ఆపుతుంది. అందుకే దాన్ని జబ్బు మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటేనే బాగా ఉపయోగం. వైరస్‌లన్నీ బయటపడి ఊరంతా తిరిగాక కత్తెర ఆపి పెద్దగా లాభం ఉండదు.

ఇక మీ అసలు ప్రశ్న. కోడికి, మనిషికి చివరి గింజ ఒకటే, సియాలిక్ ఆమ్లమే. తేడా అది అతుక్కున్న చోటులో ఉంది. దాని కింద ఉండే గింజ గాలాక్టోజ్. సియాలిక్ ఆమ్లం ఆ గాలాక్టోజ్ మూడో కార్బన్‌కి అతుక్కుంటే దాన్ని ఆల్ఫా 2,3 బంధం అంటారు. ఆరో కార్బన్‌కి అతుక్కుంటే ఆల్ఫా 2,6. మొదటిది నిటారుగా ఉండే పుల్లలా ఉంటుంది, రెండోది పొడవాటి గొలుసుల్లో వంగి గొడుగులా పరుచుకుంటుంది. బాతు పేగుల్లో ఎక్కువగా ఉండేది మొదటి రకం. పక్షి ఫ్లూ ఎన్నో యుగాలుగా బాతుల్లో, నీటి పక్షుల్లో పెరిగింది కాబట్టి దాని చెయ్యి ఆ ఆకారానికే అమిరింది. కోడిలో రెండు రకాలూ ఉంటాయి, మొదటిది దానికి సరిపడా దొరుకుతుంది. మనిషి ముక్కు, గొంతు, శ్వాసనాళం గోడల మీద మాత్రం రెండో రకమే చాలా ఎక్కువ. మీ కుర్రాళ్లు ధూళిలో ఆ వైరస్‌ని పీల్చినా అది పడిన చోట దాని చేతికి సరైన పట్టు దొరకలేదు.

ఇది పుస్తకంలో మాటే కాదు, మా ల్యాబ్ బల్ల మీద కూడా కనిపిస్తుంది. గుర్రం ఎర్ర కణాల మీద దాదాపు అంతా 2,3 రకమే. పక్షి ఫ్లూ యాంటీబాడీలు చూడటానికి అవి బాగా పనికొస్తాయి. గినీ పంది కణాల మీద 2,6 ఎక్కువ, టర్కీ కోడి కణాల మీద రెండు రకాలూ ఉంటాయి. 1990ల్లో మనుషుల్లో తిరిగే హెచ్3ఎన్2 వైరస్ మారుతూ మారుతూ మామూలు కోడి కణాలని గుంపు కట్టించడమే మానేసింది. మనుషుల ఫ్లూ చూసే ల్యాబులు టర్కీ, గినీ పంది కణాలకి మారాల్సి వచ్చింది. మనిషి గొంతుకి అలవాటుపడేకొద్దీ వైరస్‌కి కోడి కణం పరాయిదైపోయింది.

అయితే మీరు ధీమాగా ఉండకూడని చోట్లు రెండున్నాయి. మనిషి ఊపిరితిత్తుల్లో అట్టడుగున గాలి తిత్తుల మీద 2,3 రకం ఉంది. కోడి ముఖానికి దగ్గరగా ఉండి, వైరస్ చాలా మోతాదులో లోతుకి పోతే అక్కడ దానికి పట్టు దొరుకుతుంది. లోతులో మొదలైన జబ్బు తీవ్రంగా ఉంటుంది, కానీ ఆ మనిషి దగ్గినా తుమ్మినా పక్కవాడికి అంత తేలిగ్గా రాదు. 1997లో హాంకాంగ్‌లో 18 మందికి హెచ్5ఎన్1 సోకితే ఆరుగురు చనిపోయారు. 2003 నుంచి ప్రపంచమంతా కలిపి నిర్ధారణ అయిన కేసులు 900 పైచిలుకు, వాళ్లలో దాదాపు సగం మంది పోయారు. వచ్చేది అరుదు, వస్తే ప్రాణం మీదికి రావడానికి ఈ చక్కెర ఎక్కడ ఏ రకంగా ఉందన్నది ఒక ముఖ్యమైన కారణం.

రెండో చోటు కన్ను. కంటి పైపొర మీద కూడా 2,3 రకం ఉంటుంది. 2003లో నెదర్లాండ్స్ కోళ్ల ఫారాల్లో హెచ్7ఎన్7 వచ్చినప్పుడు 89 మందికి సోకింది. ఎక్కువమందికి వచ్చింది కళ్లకలకే. వాళ్లలో ఒక పశువైద్యుడు చనిపోయాడు. మా వృత్తివాడు, రోజూ మేము చేసే పనే చేస్తూ పోయాడు. కోళ్లని చంపి పూడ్చే పనికి వెళ్లిన ప్రతిసారీ ఆయన గుర్తొచ్చేవాడు, మా జట్టులో ఎవరు కళ్లద్దాలు తీసినా నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. 2024లో అమెరికాలో పాడి ఆవులకి హెచ్5ఎన్1 వచ్చినప్పుడు కూడా పాలు పితికే మనుషుల్లో చాలామందికి కళ్లే ఎర్రబడ్డాయి.

ఆ చెయ్యి ఆకారం మారదా అంటే, మారుతుంది. హీమాగ్లుటినిన్‌లో చక్కెర కూర్చునే గుంట చాలా చిన్నది. 1957, 1968 మహమ్మారుల్లో పక్షి వైరస్ నుంచి వచ్చిన హీమాగ్లుటినిన్‌లో 226, 228 స్థానాల్లో రెండు అమైనో ఆమ్లాలు (ప్రోటీన్ గొలుసులోని ముక్కలు) మారాయి, అది 2,6 రకాన్ని పట్టుకోవడం నేర్చుకుంది. అమెరికా ఆవుల్లో తిరిగిన హెచ్5ఎన్1 హీమాగ్లుటినిన్‌లో ఒక్క 226వ స్థానం మార్చినా మనిషి రకం చక్కెరని పట్టుకోగలదని 2024 డిసెంబర్‌లో స్క్రిప్స్ సంస్థ పరిశోధకులు చూపించారు. వాళ్లు పరీక్షించింది ఆ ఒక్క ప్రోటీన్‌నే, బతికున్న వైరస్‌ని కాదు. మనుషుల్లో వ్యాపించాలంటే వైరస్‌లో ఇంకా చాలా మారాలి. పక్షి ఒళ్లు 41, 42 డిగ్రీల వేడి, మన ముక్కు లోపల 33 డిగ్రీలు. ఆ చల్లదనంలో తన జన్యువుల్ని కాపీ చేసుకోవడం కూడా అది నేర్చుకోవాలి. అయినా చక్కెర దగ్గరి అడ్డంకి ఒక్క అడుగు దూరంలో ఉందని తెలిశాక నాకు మాత్రం నిశ్చింతగా లేదు. పందుల శ్వాసనాళంలో రెండు రకాల చక్కెరా ఉంటుంది, పక్షి వైరస్, మనిషి వైరస్ అక్కడ ఒకే కణంలో కలుసుకోగలవు. అందుకే కోళ్ల షెడ్డు పక్కన పందుల్ని పెంచొద్దని ప్రతి మీటింగులో చెప్పేవాణ్ణి.

ఇంకో మాట కూడా చెప్పాలి. మీ కోళ్లు అంత తొందరగా చావడానికి చక్కెర ఒక్కటే కారణం కాదు. మామూలు పక్షి ఫ్లూలో హీమాగ్లుటినిన్‌ని కోసి సిద్ధం చేసే కోడి సొంత ఎంజైములు పేగుల్లో, శ్వాసనాళంలోనే ఉంటాయి, జబ్బు అక్కడికే పరిమితం. ప్రాణాంతక హెచ్5 రకాల్లో ఆ కోతకి వీలైన చోటు మారిపోయి, ఒళ్లంతా ప్రతి కణంలో ఉండే ఎంజైమే ఆ పని చేసేస్తుంది. గుండె, మెదడు, అన్నీ ఒకేసారి దెబ్బతింటాయి. పొద్దున మేత తిన్న కోడి సాయంత్రానికి పడిపోవడం అందుకే.

చక్కెరని పట్టుకునేది ఫ్లూ ఒక్కటే కాదు. డెంగీ, హెర్పిస్, కోవిడ్ వైరస్‌లు హెపరాన్ సల్ఫేట్ అనే ఇంకో రకం చక్కెర గొలుసుని ముందు తగులుకుంటాయి. కోవిడ్ వైరస్‌కి అది గడప లాంటిది, అసలు తలుపు ఏసీఈ2 అనే ప్రోటీన్. మన దగ్గరికి వస్తే రోటావైరస్ కథ చెప్పుకోవాలి. చంటిపిల్లలకి విరేచనాలు తెప్పించే ఈ వైరస్ రకాల్లో కొన్ని, నెలల పిల్లల పేగుల్లో ఇంకా పూర్తిగా కట్టుబడని చక్కెర గొలుసులనే పట్టుకుంటాయి. అందుకే అవి అప్పుడే పుట్టిన పిల్లల్లో కనిపిస్తాయి. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసే రోటావాక్ చుక్కల మందులో ఉన్న 116ఈ అనే వైరస్ ఆ కోవలోదే, ఢిల్లీలో నవజాత శిశువుల దగ్గర దొరికింది. 2016లో జాతీయ కార్యక్రమంలో రోటావైరస్ చుక్కలు మొదట వేసిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మీ మనవలకి వేయించి ఉంటే వాళ్ల పేగుల్లోనూ ఈ చక్కెర సంగతే నడిచి ఉంటుంది.

మీ షుగర్ విషయానికి వస్తాను. గ్లూకోజ్ ఎక్కువైతే వైరస్ పట్టు పెరగదు. కానీ షుగర్ అదుపులో లేకపోతే రోగనిరోధక శక్తి మందగిస్తుంది, మామూలు ఫ్లూ కూడా న్యుమోనియాలోకి దిగే ప్రమాదం ఎక్కువ. కాబట్టి మీ డాక్టర్‌ని అడిగి ఏటా ఫ్లూ టీకా వేయించుకోండి. అది మనిషి ఫ్లూకే, బర్డ్‌ఫ్లూని ఆపదు. అయినా మీ ఒంట్లో రెండు వైరస్‌లు ఒకేసారి కలిసే అవకాశాన్ని తగ్గిస్తుంది. మీ కుర్రాళ్లకీ వేయించండి, ఖర్చు మీరే పెట్టుకోండి.

మళ్లీ ఎప్పుడైనా కోళ్లు అలా పడిపోతే ముట్టుకోకుండా ముందు పశువైద్యుడికి కబురు పెట్టండి. ఎత్తక తప్పకపోతే గుడ్డ ముక్క కట్టుకోవడం చాలదు. ఎన్95 మాస్కు, చేతికి గ్లవ్స్, కళ్లకి పక్కలు కూడా మూసుకునే అద్దాలు ఉండాలి. ఆ పని చేసిన తర్వాత పది రోజులు జ్వరం, దగ్గు, కళ్లు ఎర్రబడటం గమనించుకోవాలి. ఏది వచ్చినా ఆస్పత్రిలో మొట్టమొదట చెప్పాల్సిన మాట "చచ్చిన కోళ్లని ఎత్తాను" అని. మీరు చెప్పకపోతే డాక్టర్‌కి ఆ ఆలోచన రాకపోవచ్చు, టామిఫ్లూకి పనికొచ్చే రెండు రోజులు గడిచిపోతాయి. కన్ను ఎర్రబడితే ముక్కులోంచే కాకుండా కంటి నుంచి కూడా స్వాబ్ తీయమని అడగండి.